సిఫారసు ఉత్తరం మార్చలేని నిబంధనలు

వ్యవసాయమే ఆధారమైన ప్రాంతం నుంచి గెలిచిన శాసనసభ్యుడు ఏం పని చేయాలని మా పల్నాడులో ఎవరిని అడిగినా దాదాపు ఒకే జవాబు వస్తుంది. పిలిస్తే పలకాలి, పెళ్ళికీ చావుకీ రావాలి, తహసీల్దారుకో ఎస్సైకో ఫోను చేసి పని జరిపించాలి, ఊరికి సిమెంటు రోడ్డు వేయించాలి. ఈ జవాబు చెప్పేవారిని నేను తప్పు పట్టడం లేదు. ప్రభుత్వ కార్యాలయంలో తన మాటకు విలువ ఉండదని అనుభవం మీద తెలుసుకున్న మనిషి, విలువ ఉన్న మరొకరి చేత ఆ మాట చెప్పించుకోవాలని చూడడం సహజం. అయితే ఈ ఏర్పాటు వల్ల సాగు చేసుకునేవారికి జరుగుతున్న నష్టం చాలా పెద్దదనీ, అది బయటికి కనిపించకపోవడానికి కారణం కూడా ఈ ఏర్పాటేననీ నా అభిప్రాయం. సిఫారసుకు విలువ ఉండేది నిబంధన చెడ్డగా ఉన్నంత కాలమే. నిబంధన సరిగా ఉంటే సిఫారసు అవసరమే రాదు. అందువల్ల సిఫారసుల మీద నిలబడిన ప్రతినిధి, తన చుట్టూ జనాన్ని చేర్చుతున్న ఆ నిబంధనను తానుగా మార్చడానికి పూనుకుంటాడని మనం ఆశించలేం. ఆ పని అతని చేత చేయించవలసినది మనమే.

పల్నాడు జిల్లా 2022 ఏప్రిల్ 4న నరసరావుపేట కేంద్రంగా ఏర్పడింది. మాచర్ల, గురజాల, వినుకొండ, సత్తెనపల్లి, పెదకూరపాడు, చిలకలూరిపేట, నరసరావుపేట అనే ఏడు శాసనసభ నియోజకవర్గాలు ఇందులో ఉన్నాయి. మిరప, పత్తి, వరి, కంది ఇక్కడి ముఖ్యమైన పంటలు. కొన్ని ఊళ్ళు నాగార్జునసాగర్ కుడి కాలువను నమ్ముకుంటే, మరికొన్ని వానలనూ బోర్లనూ నమ్ముకుని బతుకుతున్నాయి. ఈ జిల్లాలో ఏ ఎమ్మెల్యే ఇంటి ముందైనా పొద్దున్నే నిలబడే జనం చేతుల్లో ఉండే కాగితాలు ఎలాంటివో ఊహించడం కష్టం కాదు. కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మరు, పట్టాదారు పాసుపుస్తకంలో తప్పుగా పడిన విస్తీర్ణం, ఈ-క్రాప్‌లో (పంటల ఆన్‌లైన్ నమోదులో) ఎక్కని పంట, చివరి తూము దాకా రాని నీళ్ళు, బ్యాంకు ఇవ్వనన్న పంట రుణం. ఎమ్మెల్యే పీఏ ఒక్కొక్క కాగితం మీద ఒక్కొక్క అధికారి పేరు రాసి పంపిస్తాడు. పని జరిగినవారు దణ్ణం పెట్టి వెళ్తారు, జరగనివారు మళ్ళీ వస్తారు. ఒకే రకమైన కాగితం ఊరూరి నుంచీ, ఏటేటా వస్తున్నదంటే మాత్రం దాని వెనుక ఎక్కడో ఒక చట్టంలోనో, ఒక జీవోలోనో, ఒక అమలు పద్ధతిలోనో లోపం ఉందని గ్రహించాలి. అర్జీల కట్టను ఆ దృష్టితో చదవడం దగ్గరే శాసనసభ్యుడి అసలైన పని మొదలవుతుంది.

కౌలు రైతుల సంగతే తీసుకుందాం. కౌలు సాగు ఎక్కువగా ఉన్న రాష్ట్రాల్లో ఆంధ్రప్రదేశ్ దేశంలోనే ముందు వరుసలో ఉంటుంది. భూమి ఉన్నవారు పిల్లల చదువుల కోసమో ఉద్యోగాల కోసమో గుంటూరుకో హైదరాబాదుకో తరలిపోయిన తరువాత, ఊళ్ళో మిగిలిన చిన్న రైతో కూలీయో ఆ పొలాన్ని నోటిమాట మీద కౌలుకు తీసుకుంటాడు. విత్తనం, నారు, ఎరువు, పురుగుమందు, కోత కూలి, కల్లం కాపలా అన్నీ అతనివే. కాగితం మీద మాత్రం ఆ పొలంలో అతను లేడు. కాగితం మీద లేని మనిషికి బ్యాంకు పంట రుణం ఇవ్వదు. తుపాను వచ్చి పంట పోతే పెట్టుబడి రాయితీ యజమాని ఖాతాకు వెళ్తుంది. అప్పు ఎరువుల కొట్లోనో కమీషన్ వ్యాపారి దగ్గరో తేవాలి కాబట్టి, పండిన సరుకును ఆ అప్పు ఇచ్చినవారికే, వారు చెప్పిన ధరకే అప్పగించాలి. మా బంధువుల్లోనే పొలం కౌలుకు ఇచ్చినవారూ ఉన్నారు, తీసుకున్నవారూ ఉన్నారు. అందుచేత రెండు వైపుల భయాలూ నాకు తెలుసు.

ఆంధ్ర ప్రాంతంలో 1956 నాటి కౌలుదారీ చట్టం కౌలు ఒప్పందం రాతపూర్వకంగా ఉండాలన్నది. 1974లో దానిని సవరించారు. కౌలుదారుకు రక్షణ ఇవ్వాలన్న ఉద్దేశం మంచిదే అయినా, కాగితం రాస్తే పొలం చేజారుతుందన్న భయంతో యజమానులు అసలు కాగితమే రాయడం మానుకున్నారు. ఆ భయాన్ని తప్పించడానికే 2011లో భూ అధీకృత సాగుదారుల చట్టం వచ్చింది. భూమి మీద ఏ హక్కూ కలగదని స్పష్టంగా చెబుతూ, సాగు చేస్తున్న మనిషికి రెవెన్యూ సిబ్బంది విచారణ మీద రుణ అర్హత కార్డు ఇవ్వడం దాని పద్ధతి. కార్డు చూపినా రుణం ఇవ్వని బ్యాంకులు చాలా ఉన్నాయన్నది నిజమే గానీ, కార్డు పొందడానికి యజమాని గుమ్మం ముందు నిలబడవలసిన అవసరం మాత్రం అంతగా ఉండేది కాదు. 2019 జూలైలో శాసనసభ ఆ చట్టం స్థానంలో పంట సాగుదారుల హక్కుల చట్టాన్ని ఆమోదించింది. యజమాని, సాగుదారు కలిసి సంతకాలు చేసిన పదకొండు నెలల ఒప్పందం ఉంటేనే సాగుదారు హక్కు పత్రం వస్తుందని ఈ చట్టం అంటుంది.

ఆ ఒక్క సంతకం దగ్గరే వ్యవహారం మొత్తం ఆగిపోయింది. పొలం మీద హక్కు పోదని చట్టంలో ఎంత స్పష్టంగా రాసినా, ఊరికి దూరంగా ఉంటున్న యజమానికి సంతకం పెట్టవలసిన అవసరం ఏమీ కనిపించదు. అదే సర్వే నంబరు మీద తాను పంట రుణం తీసుకుని ఉంటే, కౌలుదారు పేరు బయటికి రావడం అతనికి ఇబ్బంది కూడా. గట్టిగా అడిగితే వచ్చే ఏడాది పొలం మరొకరికి ఇస్తాడేమోనని కౌలుదారు కూడా అడగడు. చివరికి పత్రం సులభంగా దొరికేది యజమానితో దగ్గరి సంబంధం ఉన్నవారికే. నిజంగా అవసరమైనవారు కాగితం పట్టుకుని ఎమ్మెల్యే ఇంటికి వస్తారు, దయగల ఎమ్మెల్యే అయితే యజమానికి ఫోను చేసి ఒక సంతకం పెట్టిస్తాడు, ఆ కుటుంబం జీవితాంతం ఆయన పేరు చెప్పుకుంటుంది. సంతకం నిబంధన మాత్రం ఉన్నచోటే ఉంటుంది. ఫోను చేయించుకోలేని కౌలు రైతుల సంఖ్య ఎక్కడా నమోదు కాదు, ఏ సభలోనూ ప్రస్తావనకు రాదు.

బిల్లు సభ ముందుకు వచ్చిన రోజున సాగు ప్రాంతాల సభ్యులు చేయగలిగిన పనులు చాలా ఉంటాయి. ఫలానా క్లాజుకు సవరణ ప్రతిపాదించవచ్చు. సెలెక్టు కమిటీకి పంపమని కోరవచ్చు. 2011 చట్టం కింద ఏ జిల్లాలో ఎన్ని కార్డులు ఇచ్చారో, వాటిలో ఎన్నింటి మీద రుణం వచ్చిందో సభ ముందు పెట్టిన తరువాతే కొత్త చట్టం మాట్లాడదామని పట్టుబట్టవచ్చు. యజమాని సంతకానికి బదులు గ్రామసభలో విచారణ చాలునని వాదించవచ్చు. ఇవేవీ సాహసం అవసరమైన పనులు కావు. బిల్లును ముందు రోజు రాత్రి కూర్చుని చదవడం, నియోజకవర్గంలో విన్న మాటను గుర్తు పెట్టుకోవడం, లేచి నిలబడి చెప్పడం, ఇంతే. అయినా ఈ పనికి ఊళ్ళో ఎవరూ దండ వేయరు గనుక, దీన్ని చేయనందుకు ఎవరూ నిలదీయరు గనుక, ఇది ఎవరి పనీ కాకుండా పోయింది.

రాజ్యాంగం ఏడవ షెడ్యూలులోని రాష్ట్ర జాబితాను ఒకసారి చదివితే రైతు ఏడాది పొడుగునా ఎవరి నిర్ణయాల కింద బతుకుతున్నాడో తెలుస్తుంది. వ్యవసాయం 14వ అంశం, నీరు 17వ అంశం, భూమి 18వ అంశం, మార్కెట్లూ సంతలూ 28వ అంశం, వడ్డీ వ్యాపారమూ వ్యవసాయ రుణభారం నుంచి ఉపశమనమూ 30వ అంశం. మద్దతు ధరలూ, ఎరువుల రాయితీలూ, ఎగుమతులూ ఢిల్లీ చేతుల్లో ఉన్నా, మిగిలినదానిలో చాలా భాగం శాసనసభ పరిధిలోనిదే. ఆ అధికారాన్ని వాడినప్పుడు ఏం జరుగుతుందో పత్తి విత్తనాల ఉదంతం చెబుతుంది. బీటీ పత్తి విత్తనం 450 గ్రాముల ప్యాకెట్టు 1,600 రూపాయలు దాటి అమ్ముతున్న కాలంలో, 2006లో రాష్ట్ర ప్రభుత్వం గుత్తాధిపత్య వ్యాపారాల నియంత్రణ కమిషన్‌ను ఆశ్రయించింది. ఆ ఏడాదే ధర 750 రూపాయలకు దిగింది. 2007లో పత్తి విత్తనాల సరఫరానూ అమ్మకపు ధరనూ నియంత్రించే చట్టాన్ని శాసనసభ చేసింది. మాచర్లలో కొన్న రైతుకూ, ఆదిలాబాదులో కొన్న రైతుకూ ఆ తగ్గింపు ఒకేలా అందింది. ఎవరూ ఎవరి సిఫారసు ఉత్తరమూ పట్టుకుని కొట్టుకు వెళ్ళలేదు.

నీటి సంగతి మరింత వివరంగా చెప్పాలి. కృష్ణా జలాలను రాష్ట్రాల మధ్య పంచిన బచావత్ ట్రిబ్యునల్ లెక్క ప్రకారం సాగర్ కుడి కాలువకు 132 టీఎంసీలు, ఎడమ కాలువకు 132 టీఎంసీలు. కుడి కాలువ కింద పల్నాడు, ప్రకాశం ప్రాంతాల్లో పదకొండు లక్షల ఎకరాలకు పైగా ఆయకట్టు ఉంది. శ్రీశైలానికి వరద రాని ఏడాది ఈ అంకెలు కాగితం మీదే ఉంటాయి. వచ్చిన ఏడాది కూడా కాలువ తల భాగంలో ఉన్నవారు వరి నాట్లు వేసుకున్నాక, మేజరు (ప్రధాన కాలువ నుంచి చీలే పెద్ద పిల్లకాలువ) చివర ఉన్నవారు మిరపకు ఒక్క తడి కోసం రాత్రుళ్ళు తూముల దగ్గర కాపలా పడుకుంటారు. నీళ్ళు ఏ తేదీన వదలాలి, ఏ పంటకు ఇవ్వాలి, వారబందీ (వంతుల వారీగా నీళ్ళు ఇవ్వడం) ఎలా నడపాలి అన్నవి జిల్లా నీటిపారుదల సలహా మండలి సమావేశంలో తేలుతాయి. కలెక్టరు, ఇంజనీర్లు, జిల్లా శాసనసభ్యులు కూర్చునే ఆ సమావేశం రైతుకు బడ్జెట్టు సమావేశమంత ముఖ్యమైనది. అక్కడ మాట్లాడాలంటే తన నియోజకవర్గంలో ఏ మేజరుకు ఎన్ని క్యూసెక్కులు రావాలో, పోయిన ఏడాది ఎన్ని వచ్చాయో, ఎక్కడ గట్టు తెగి ఉందో, ఎక్కడ షట్టరు లేదో ఎమ్మెల్యేకు తెలిసి ఉండాలి. 1997లో రైతుల యాజమాన్య చట్టం కింద ఏర్పడిన నీటి వినియోగదారుల సంఘాలు ఈ సమాచారం ఇవ్వగలవు. వాటికి ఎన్నికలు జరపకుండా ఏళ్ళ తరబడి వదిలేసి 2024 డిసెంబరులో మళ్ళీ జరిపారు. ఆ మధ్య కాలంలో చివరి భూముల రైతుకు అధికారికంగా మాట్లాడే నోరే లేకపోయింది.

సాగర్ ప్రాజెక్టు రావడం వెనుకే ప్రాతినిధ్యం ఎలా ఉండాలో చూపిన మనుషులు ఉన్నారు. కృష్ణా నీటిని పెన్నా మీదుగా మద్రాసు వైపు తీసుకుపోయే కృష్ణా-పెన్నార్ ప్రతిపాదనకు ఎదురుగా, ఇప్పుడు సాగర్ ఉన్న నందికొండ దగ్గర ఆనకట్ట కట్టాలన్న కోరికను ముక్త్యాల రాజా వాసిరెడ్డి రామగోపాలకృష్ణ మహేశ్వర ప్రసాద్ ఎంత పట్టుదలగా మోశారో కృష్ణా, గుంటూరు జిల్లాల పాతతరానికి బాగా తెలుసు. కేంద్రం వేసిన ఖోస్లా కమిటీని నందికొండ స్థలానికి రప్పించడానికి ఆయన పడిన శ్రమ చిన్నది కాదు. సత్తెనపల్లి నుంచి నాలుగుసార్లు శాసనసభకు వెళ్ళిన వావిలాల గోపాలకృష్ణయ్య అదే ప్రాజెక్టు కోసం ఊరూరూ తిరిగి జనాన్ని కూడగట్టారు. 1955 డిసెంబరు 10న నెహ్రూ శంకుస్థాపన చేశారు, 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. వావిలాల వెనుక మంత్రి పదవి లేదు, కాంట్రాక్టులు లేవు, ఖద్దరు బట్టలూ చేతిసంచీ తప్ప ఆస్తి అని చెప్పుకోదగినది లేదు. నీళ్ళు మెట్ట పొలాలకు రావాలన్న ఒక్క ప్రశ్నను ఆయన వదిలిపెట్టలేదు. ఆ కాలపు మనుషులు వేరు, ఇప్పుడు అలాంటివారు రారు అనే మాట నాకు నచ్చదు. ఆయన చేసినది అధ్యయనం, పట్టుదల, సభలో మాట్లాడడం. ఇవి ఏ కాలానికైనా అందుబాటులో ఉన్నవే.

ఈ వాదనకు ఎదురయ్యే బలమైన అభ్యంతరాన్ని చాలాకాలం కిందటే కమ్యూనిస్టు నాయకుడు తరిమెల నాగిరెడ్డి చెప్పారు. 1967లో అనంతపురం నుంచి గెలిచిన ఆయన, ఈ సభల వల్ల పేదలకు ఒరిగేదేమీ లేదన్న నిర్ధారణకు వచ్చి 1969లో శాసనసభ్యత్వానికి రాజీనామా చేశారు. అంత నిజాయితీ గల మనిషి చెప్పిన మాటను తేలికగా తీసివేయలేం. పైగా ఆయన తరువాత పరిస్థితి మరింత బిగుసుకుంది. 1985 నాటి ఫిరాయింపుల నిరోధక చట్టం వచ్చాక విప్‌ను, అంటే పార్టీ ఆదేశాన్ని, కాదని ఓటు వేస్తే సభ్యత్వమే పోతుంది. సభ ఏడాదిలో సమావేశమయ్యే రోజులు బాగా తగ్గాయి. రెండు సమావేశాల మధ్య ఆరు నెలల వ్యవధి మించకూడదన్న 174వ అధికరణం లేకపోతే ఇంకెంత తగ్గేవో. ప్రతిపక్షంలో కూర్చోవలసి వచ్చినప్పుడు సభకు దూరంగా ఉండిపోవడం మన రాష్ట్రంలో రెండు పెద్ద పార్టీల నాయకుల్లోనూ చూశాం. కారణాలు ఎంత బలమైనవైనా, ఆ రోజుల్లో వారి నియోజకవర్గాల రైతుల ప్రశ్నలు అడిగేవారు లేకుండా పోయారన్నది వాస్తవం.

అయినా నేను నాగిరెడ్డితో ఏకీభవించలేను. విప్ ఓటును కట్టడి చేస్తుంది గానీ ప్రశ్నను కట్టడి చేయదు. మంత్రి సభలోనే నోటితో జవాబు చెప్పవలసిన నక్షత్ర గుర్తు ప్రశ్న వేయడానికీ, బడ్జెట్టు పద్దుల మీద చర్చలో పద్దును తగ్గించమనే కోత తీర్మానం ఇవ్వడానికీ, సభలో మంత్రి ఇచ్చిన మాట ఏమైందని హామీల కమిటీకి రాయడానికీ, చట్టం కింద ప్రభుత్వం చేసిన నియమాలు చట్టాన్ని దాటి పోయాయని చెప్పడానికీ ఏ పార్టీ అనుమతీ అవసరం లేదు. అధికార పక్ష సభ్యుడు కూడా ప్రశ్న వేయవచ్చు, ఆ జవాబు రికార్డులో ఉంటుంది, మరుసటి ఏడాది అదే అంకెను పక్కన పెట్టి మళ్ళీ అడగవచ్చు. ఉన్న తలుపులను తట్టకుండా ఇల్లు పనికిరాదనడం న్యాయం కాదు.

అడగకపోతే ఏమవుతుందో భూ హక్కుల చట్టం (ల్యాండ్ టైట్లింగ్ యాక్ట్) విషయంలో అందరం చూశాం. భూ యాజమాన్య వివాదాలను సివిల్ కోర్టుల నుంచి తప్పించి అధికారుల చేతుల్లో పెట్టే చట్టం అది. 2023 అక్టోబరు 31న అమలులోకి వచ్చింది. పల్లెల్లో చాలామందికి అలాంటి చట్టం ఉందని తెలిసిందే 2024 ఎన్నికల సభల్లో. అదే ఏడాది జూలైలో శాసనసభ దాన్ని రద్దు చేసింది. చట్టం మంచిదా చెడ్డదా అన్న చర్చకు ఇక్కడ పోను. రాష్ట్రంలో ప్రతి సెంటు భూమికీ సంబంధించిన చట్టం బిల్లుగా ఉన్నప్పుడు గ్రామాల్లో చర్చకు రాలేదంటే, ఆ గ్రామాలకూ సభకూ మధ్య ఉండవలసిన మనిషి తన పని చేయలేదన్నది మాత్రం చెప్పి తీరాలి. తెలంగాణలో 2020 నాటి ధరణి అనే ఆన్‌లైన్ భూ రికార్డులో సాగుదారు వివరాల కాలమ్ లేకుండా పోవడం, దాని ఫలితాలను ఏళ్ళ తరబడి భరించాక 2025లో భూభారతి చట్టం రావడం కూడా ఇదే కోవలోనివి.

పంటల కాలానికీ సభల కాలానికీ పొంతన లేకపోవడం మరొక ఇబ్బంది. మిరప నారు వర్షాకాలం మొదట్లో పోస్తారు, కాయ జనవరి నుంచి కోతకు వస్తుంది, ఫిబ్రవరి, మార్చి నెలల్లో గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు (మిరప బస్తాలు) పోటెత్తుతాయి. సరిగ్గా అప్పుడే బడ్జెట్టు సమావేశాలు. ధర పడిపోయిన వార్త, సభలో నినాదాలు, యార్డు ముందు ధర్నా ఒకేసారి వస్తాయి. అప్పటికి చేయగలిగేది చాలా తక్కువ. మిరపకు కేంద్రం మద్దతు ధర లేదు. ధర కూలినప్పుడు రాష్ట్రం అడిగితే మార్కెట్ జోక్య పథకం కింద సాయం వస్తుంది. 2025 ఫిబ్రవరిలో క్వింటాలుకు 11,781 రూపాయల ధరను ఆ పథకం కింద ప్రకటించేనాటికి, అప్పులవారి ఒత్తిడి మీద ఎందరో రైతులు తొలి కోత సరుకును అమ్ముకుని ఉన్నారు. శీతల గిడ్డంగుల్లో పాత నిల్వలు ఎన్ని టిక్కీలు ఉన్నాయి, ఈ ఏడాది ఎన్ని ఎకరాల్లో నాట్లు పడ్డాయి, ధర తగ్గితే ప్రభుత్వం ఏ స్థాయి దగ్గర కదులుతుంది అన్న ప్రశ్నలను వర్షాకాల సమావేశాల్లోనే అడగాలి. 2021-22లో నల్ల తామరపురుగు మిరప తోటలను నాశనం చేసినప్పుడు కూడా, పరిశోధన కేంద్రానికీ పొలానికీ మధ్య సమాచారం ఎంత వేగంగా నడుస్తున్నదో అడిగి, దాన్ని ఏటా అడిగే ప్రశ్నగా నిలబెట్టవలసింది ఈ ప్రాంతపు సభ్యులే.

ఇదంతా చదివి, కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మరు చట్టం మారేదాకా ఆగుతుందా అని ఎవరైనా అడగవచ్చు. ఆగదు. ఎండుతున్న పైరుకు ఈ పూటే కరెంటు కావాలి, ఆ ఫోను ఎమ్మెల్యే చేయాలి. నేను కోరేది ఆ ఫోను తరువాత మరొక పని. మండలానికి ఎన్ని ట్రాన్స్‌ఫార్మర్లు ఈ వేసవిలో కాలిపోయాయి, ఎన్ని రోజులకు మార్చారు, రైతు చేత సొంత ఖర్చుతో బండి కట్టించారా అన్న లెక్క రాసి ఉంచి దాన్ని సభకు తీసుకువెళ్ళడం. దానికి కార్యాలయంలో ఒక చదువుకున్న కుర్రవాడూ ఒక రిజిస్టరూ చాలు. వినతిపత్రాలు తీసుకున్నట్టు ఫొటోలు పెట్టే పనికి ఇప్పుడు అంతకంటే ఎక్కువ మంది పని చేస్తున్నారు.

రాబోయే సమావేశాల్లో పల్నాడు సభ్యులు ఏడుగురిలో ఏ ఒక్కరైనా వేయదగిన ప్రశ్న ఒకటి ఉంది. ఈ జిల్లాలో మండలాల వారీగా ఎందరు సాగుదారు హక్కు పత్రం కోసం వచ్చారు, యజమాని సంతకం లేదన్న కారణంతో ఎన్ని తిరస్కరించారు, పత్రం పొందినవారిలో ఎందరికి బ్యాంకులు రుణం ఇచ్చాయి, పంట నష్టపోయినప్పుడు ఎందరి ఖాతాల్లో రాయితీ పడింది? నాలుగు భాగాల ఈ ప్రశ్నకు వ్యవసాయ, రెవెన్యూ శాఖలు కలిసి జవాబు చెప్పాలి. జవాబు అసంపూర్ణంగా వస్తే అనుబంధ ప్రశ్న వేయవచ్చు, మంత్రి పరిశీలిస్తామంటే ఆ మాటను హామీల కమిటీ ముందు పెట్టవచ్చు, అంకెలు చేతికి వచ్చాక సంతకం నిబంధనకు సవరణ కోరుతూ అనధికార సభ్యుని బిల్లు (మంత్రి కాని సభ్యుడు సొంతంగా పెట్టే బిల్లు) ఇవ్వవచ్చు. పల్నాడులో ఏ గ్రామ సభకైనా ఎమ్మెల్యే వచ్చినప్పుడు సిమెంటు రోడ్డుతో పాటు ఈ ప్రశ్న వేశారా లేదా, వేస్తే ఏం జవాబు వచ్చిందో చదివి వినిపించమని కౌలు రైతులూ, పొలం కౌలుకు ఇచ్చిన మాలాంటి కుటుంబాలవారూ కలిసి అడగాలి.